మోకాళ్ళు మార్చేలోగా ఒక చుట్టు

గుణదల తిరునాళ్ళు ముగిశాయి గానీ కొండ కింద కొవ్వొత్తుల కొట్లు ఇంకా పూర్తిగా పీకలేదు. ఆ పొద్దున బాలశౌరి పటమటలో తన ఇంటి వరండాలో సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టి గొలుసుకు నూనె పోస్తున్నాడు. గేటు ముందు స్కూటర్ ఆగింది. ఇఫ్రా దిగి హెల్మెట్ కూడా తియ్యకుండా లోపలికొచ్చింది.

"అంకుల్, మా అబ్బాకి మీరైనా చెప్పండి. నా మాట గాలికి పోతోంది."

ఇఫ్రా అష్ఫాక్ కూతురు. అష్ఫాక్ బాలశౌరికి నలభై ఏళ్ళకు పైగా స్నేహితుడు. ఆటోనగర్‌లో లారీల స్పేర్ పార్టుల కొట్టు పెట్టుకుని, సిమెంటు నేల మీద గొంతుక్కూచుని, లేచి, మళ్ళీ కూచుని రెండు మోకాళ్ళూ అరగదీసుకున్నాడు. రెండూ మార్చాల్సిందేనని డాక్టరు చెప్పి ఏడాది దాటింది. అష్ఫాక్ ఆస్పత్రి గడప తొక్కనంటున్నాడు.

"లారీకి ఏది అరిగినా మార్చెయ్, మార్చెయ్ అంటాడు. తన దగ్గరికొచ్చేసరికి ఒరిజినల్ ఒరిజినలే అంటున్నాడు అంకుల్. రాత్రి బాత్రూమ్‌కి గోడ పట్టుకుని వెళ్తున్నాడు. రేపు కింద పడితే?"

లోపలినుంచి బాలశౌరి భార్య అమలమ్మ మంచినీళ్ళు తెచ్చిచ్చి, "ఈయన చెబితే వింటాడులే అమ్మా. ఇద్దరివీ ఒకే రకం బుర్రలు" అంది.

బాలశౌరి చెయ్యి గుడ్డకు తుడుచుకుని, అదే సైకిల్ మీద ఆటోనగర్ వెళ్ళాడు. అష్ఫాక్ ఎత్తు స్టూలు మీద కూచుని ఉన్నాడు. కుడికాలు చాచి, ఒక టైరు మీద పెట్టుకున్నాడు.

"ఏరా, పిల్లని ఏడిపిస్తున్నావంట?"

"నీ దాకా వచ్చిందా? ఒరేయ్ శౌరీ, డూప్లికేటు పార్టు నా కొట్లోనే పెట్టను. ఒంట్లో పెట్టించుకోమంటావా?"

"పెట్టించుకోకపోతే ఏం చేస్తావు? గోడలు పట్టుకుని తిరుగుతావా?"

అష్ఫాక్ కొట్లోకి వచ్చినవాడికి ఏదో బేరింగు చూపించి పంపించి, ఆ తరవాత నెమ్మదిగా అన్నాడు.

"ఆపరేషనయ్యాక సైకిల్ తొక్కొచ్చా అని అడిగాను డాక్టరుని. ముందు నడవనివ్వండి పెద్దాయనా అన్నాడు. అంటే ఏమిటి? తొక్కలేనని కాదూ?" టైరు మీది కాలు సర్దుకుని, "సరే. ఒక షరతు. నన్ను చుట్టు తిప్పుకురా. మొత్తం చుట్టు. బస్సు లేదు, ఆటో లేదు. సైకిల్ మీద పోయి సైకిల్ మీదే రావాలి. వచ్చాక ఆ డాక్టరు ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతా."

"మధ్యలో ఆగిపోతే?"

"ఆగిపోతే ఇక ఆపరేషన్ మాట ఎత్తకూడదు. నువ్వూ ఎత్తకూడదు, అదీ ఎత్తకూడదు."

చుట్టు అంటే వాళ్ళిద్దరికీ ఒకటే అర్థం. పటమటలో బయల్దేరి బందరు రోడ్డు పట్టుకుని బందరు, అక్కణ్ణుంచి చల్లపల్లి, పులిగడ్డ దగ్గర కృష్ణ దాటి రేపల్లె, తెనాలి, మంగళగిరి, మళ్ళీ బ్యారేజీ మీదుగా ఇల్లు. ఏటికి ఇటు దిగి, అటు ఎక్కడం.

అది మొదలైంది కూడా అనుకోకుండానే. బాలశౌరికి నీటిపారుదల శాఖలో లస్కరు ఉద్యోగం వచ్చింది. కాలవ గట్టు మీద తిరుగుతూ తలుపులు ఎత్తడం, దించడం, నీళ్ళు కాపలా కాయడం లస్కరు పని. మొదటి పోస్టింగు చల్లపల్లి వైపు. సైకిల్ లేనిదే ఆ పని జరగదు. పటమటలో అష్ఫాక్ వాళ్ళ నాన్న సైకిల్ షాపులో ఒకటి కొన్నాడు. చక్రం తనే బిగించిన అష్ఫాక్, "దీని పని చూడాలి, నేనూ వస్తా" అని ఇంకో సైకిలెక్కాడు. చల్లపల్లి చేరాక, "ఇంతదూరం వచ్చాం, ఏరు దాటితే రేపల్లెలో మా అక్క ఉంది" అన్నాడు. అక్క ఇంటికెళ్ళాక వచ్చిన దారినే తిరిగిరావడం ఇద్దరికీ నచ్చలేదు. అలా చుట్టు పూర్తయింది. ఆ తరవాత ఏటేటా గుణదల తిరునాళ్ళు కాగానే బయల్దేరేవాళ్ళు. పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, అయినా మానలేదు. ఏటి మీద వంతెన పడే రోజుల్లో అష్ఫాక్ కొట్టు పెద్దదైంది, బాలశౌరికి బదిలీ వచ్చింది. ఒక ఏడు తప్పింది. రెండో ఏడు తప్పినప్పుడు ఎవరూ అడగలేదు.

తొక్కడం ఎలాగో బాలశౌరికి నేర్పింది కాలవే. జూన్‌లోనో జూలైలోనో బ్యారేజీ దగ్గర నీళ్ళు వదిలిన రోజు కొబ్బరికాయలు, పసుపు కుంకుమలు, ఎంత హడావిడో. కానీ ఆ నీళ్ళు శివారు పొలాలకు పోవాలంటే రోజులు పట్టేది. ఎండిన కాలవలో మొదటి నీళ్ళు నురగనీ, ఎండుటాకుల్నీ తోసుకుంటూ పాకుతాయి. వాటితోపాటే గట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ పోవాలి. నీళ్ళకన్నా ముందు పోతే పని లేదు. వెనకబడితే ఎక్కడో గండి పడుతుంది. ఆ నడక అతని కాళ్ళకు పట్టేసింది. అష్ఫాక్ మొదట్లో జోరుగా తొక్కి, ఉయ్యూరు దాటేసరికి నాలుక బయటపెట్టేవాడు. అందుకని వాళ్ళలో వాళ్ళకి ఒక పద్ధతి ఏర్పడింది. ఆ రోజు ఎవరు నీరసంగా ఉంటే వాళ్ళు ముందు. వెనకవాడు బెల్లు కొట్టకూడదు, పక్కకు రాకూడదు. ముందువాడి చక్రం ఎలా తిరిగితే తనదీ అలాగే తిరగాలి.

ఈసారి తిరునాళ్ళకీ రంజాన్ నెలకీ మధ్య మిగిలింది కొద్ది రోజులే. ఉపవాసాలు మొదలైతే అష్ఫాక్ రాడు. నెల పోతే ఎండలు. బాలశౌరి రెండు రోజులు కూచుని ఆలోచించాడు. మొదటి రోజు బందరు. చల్లపూటే బయల్దేరి, కంకిపాడులో ఒకసారి, ఉయ్యూరులో ఒకసారి, పామర్రులో భోజనానికి ఆగుతూ పోతే మోకాళ్ళకి బరువుండదు. రెండోరోజు రేపల్లె. మూడోరోజు తెనాలి, నాలుగో రోజు ఇల్లు. కుర్రతనంలో మూడు రోజుల పని ఇప్పుడు నాలుగు.

రెండోరోజు లెక్క దగ్గర మాత్రం అతనికి సంతోషం వేసింది. పాతరోజుల్లో ఆ రోజు సగం రేవులోనే గడిచిపోయేది. పులిగడ్డ రేవులో పడవ నిండితే గానీ కదిలేది కాదు. ఒక ఎడ్లబండి రావాలి, ఒక పెళ్ళివాళ్ళు రావాలి, గడ్డిమోపులు ఎక్కాలి. పడవవాడు అన్నం తినాలి. "ఈ పడవే లేకపోతే మధ్యాహ్నానికి అక్క ఇంట్లో ఉందుముగదరా" అని ఇద్దరూ ప్రతి ఏడూ తిట్టుకునేవాళ్ళు. ఇప్పుడు వంతెన ఉంది. పూట మిగిలింది. బాలశౌరి రేపల్లెలో అష్ఫాక్ అక్కకి ఫోన్ చేసి, "సైదా ఆపా, మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తాం" అన్నాడు.

"ఎవరు, మీరిద్దరా? సైకిళ్ళ మీదా? మీకు నడుము వంగినా బుద్ధి వంగలేదురా" అంది సైదా అవతలినుంచి. ఎనభై దగ్గర పడినా గొంతు మాత్రం తగ్గలేదు.

అమలమ్మ అటుకులు వేయించి డబ్బాలో పోస్తూ అంది. "మోకాళ్ళు ఆయనవి, పిచ్చి మీది. దారిలో ఆయనకేమన్నా అయితే ఇఫ్రాకి ఏం చెబుతారు?"

"చెప్పడానికేముంది, ఆపరేషన్ తేదీ చెబుతా."

"చూస్తాగా."

మొదటి రోజు అనుకున్నట్టే జరిగింది. బందరు రోడ్డు ఇప్పుడు పెద్ద రోడ్డు. లారీలు పక్కనుంచి పోతుంటే హ్యాండిల్ వణుకుతుంది. కాలవ మాత్రం చాలాచోట్ల పాతదే. అష్ఫాక్ ముందు తొక్కుతూ, దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. కనబడిన ప్రతి లారీకీ ఏ పార్టు పోబోతోందో చెప్పాడు. ఉయ్యూరు దగ్గర చెరుకు ట్రాక్టరు వెనక తీపి వాసనలో కాసేపు ఊరికే తొక్కారు. బందరు లాడ్జిలో రాత్రి బాలశౌరి కొబ్బరినూనె వేడిచేయించి తెస్తే, "అరె, గేర్ ఆయిలు వెయ్యి, అదైతే పట్టుకుంటుంది" అని అష్ఫాక్ నవ్వాడు.

రెండోరోజు పొద్దున మంచు. మాగాణుల్లో వరి కోసేశాక చల్లిన మినుము ఎండు రంగుకు తిరిగింది. అక్కడక్కడా ఆడవాళ్ళు పీకి కుప్పలేస్తున్నారు. బాలశౌరి మనసు మధ్యాహ్నం భోజనం మీద ఉంది. చల్లపల్లిలో టీ తాగి లేచారు. మోపిదేవిలో అష్ఫాక్ కాసేపు ఆగుదామా అన్నట్టు వెనక్కి చూశాడు. "ఇంకెంత, వంతెన దాటితే వచ్చేసినట్టే" అన్నాడు బాలశౌరి.

ఆ దేశంలో ఎత్తు అంటూ లేదు. నేలంతా పళ్ళెంలా పరిచి ఉంటుంది. ఎక్కాలంటే వంతెనే ఎక్కాలి. పులిగడ్డ దగ్గర రోడ్డు మెల్లగా లేచి ఏటి మీదికి పోయింది. సముద్రం వైపునుంచి గాలి అడ్డంగా కొడుతోంది. అష్ఫాక్ ముందున్నాడు. సగం వంతెన మీదికి వచ్చాక బాలశౌరికి ఏదో తేడాగా అనిపించింది. అష్ఫాక్ మాట్లాడడం మానేశాడు.

పెనుమూడి వైపు దిగాక అతను సైకిల్ ఆపి, రోడ్డు పక్క రాయి పట్టుకుని దిగాడు. కుడికాలు చాచలేకపోయాడు. లుంగీ పైకి లాగితే మోకాలు వెలక్కాయంత లేచి ఉంది.

"ఏంరా, చెప్పొద్దూ?"

"ఏం చెప్పను, ఇంకెంత ఇంకెంత అంటున్నావుగా."

ఒక ఆటో వాళ్ళని చూసి ఆగింది. డ్రైవరు తల బయటపెట్టాడు. "తాతగారూ, రేపల్లేనా? రండి. సైకిళ్ళు పైన కట్టేస్తాను."

అష్ఫాక్ మొహం ఒక్కసారిగా వెలిగింది. నొప్పిలోనే నవ్వు. "కట్టు బాబూ, కట్టు. ముందు నాది కట్టు. శౌరీ, చుట్టు తెగింది. ఆపరేషన్ లేదు. అది నీ చేతులారా నువ్వే చేశావు, నా తప్పేం లేదు."

నిజమే, మోపిదేవిలో ఆగనివ్వనిది బాలశౌరే. ఇఫ్రా మొహం గుర్తొచ్చింది. గోడ పట్టుకుని నడిచే మనిషి గుర్తొచ్చాడు. ఆటోవాడు అష్ఫాక్ సైకిల్ మీద చెయ్యి వేశాడు. ఏం చెప్పి ఆపాలో తెలియక బాలశౌరి ఏటివైపు చూశాడు. వంతెన కింద ఇసుక, ఇసుకలో సన్నగా నీళ్ళు, దూరంగా ఒక వల.

"అష్ఫాకూ, ఇదివరకు ఈ వేళకి మనం ఎక్కడుండేవాళ్ళం?"

"ఎక్కడుంటాం? అవతలి ఒడ్డున. పడవవాణ్ణి తిట్టుకుంటూ."

"కూచుని తిట్టేవాళ్ళమా, పడుకునా?"

"పడుకునే. నువ్వైతే గురక. నేను నమాజు చేసుకుని, ఆ చేపల పులుసు ముసలమ్మ దగ్గర రెండోసారి అన్నం..." అష్ఫాక్ ఆగిపోయాడు.

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. అన్నేళ్ళూ రోజు మధ్యలో కాళ్ళకి సగం పూట సెలవిచ్చింది ఆ పడవే. తాము బలంగా ఉన్నాం కాబట్టి చుట్టు తిరుగుతున్నాం అనుకున్నారు. పడవని తిట్టుకుంటూ దాని నీడనే పడుకున్నారు. బాలశౌరి తన లెక్కలో తీసి పారేసింది సరిగ్గా దాన్నే.

"బాబూ, నువ్వెళ్ళు" అన్నాడు బాలశౌరి డ్రైవరుతో. "మేమింకా పడవెక్కలేదు."

"పడవేంటండీ? ఇక్కడ పడవెక్కడిదండీ?"

"వస్తుందిలే."

డ్రైవరు ఇద్దరినీ ఎగాదిగా చూసి, తనలో తనే ఏదో గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. అష్ఫాక్ కోపంగా, "అది మోసం రా. కాలు కదలట్లేదంటే..." అన్నాడు.

"కదలమన్నదెవరు? ఆటో ఎక్కితే తెగుతుందన్నావు గానీ, ఆగితే తెగుతుందన్నావా? పడుకో."

భుజం ఆసరా ఇచ్చి కిందికి దింపాడు. పాత రేవు ఆనవాళ్ళేం లేవు. ఒక తుమ్మచెట్టు, దాని కింద చేపలు పట్టేవాళ్ళు పరిచిన పట్టా. అడిగితే, పడుకోండి పెద్దయ్యా అన్నారు. బాలశౌరి తువ్వాలు తడిపి మోకాలికి చుట్టాడు. రేపల్లెకి ఫోన్ చేసి, "ఆపా, మధ్యాహ్నానికి కాదు, సాయంత్రానికి" అన్నాడు.

"అన్నం వార్చేశాను కదరా! ఏమైంది?"

"పడవ ఆలస్యం ఆపా."

అవతల సైదా గట్టిగా నవ్వింది. "అబద్ధానికైనా అర్థముండాలి. సరే, రండి."

అటుకులు తిన్నారు. అష్ఫాక్ కూచున్నచోటే నమాజు చేసుకున్నాడు. తరవాత వెల్లకిలా పడుకుని పైన వంతెన మీద పోయే బస్సుల చప్పుడు వింటూ, ఒకసారి ఈ ఏటి మధ్యలో ఒక మేక పడవలోంచి దూకేసిన సంగతి చెప్పాడు. పెళ్ళికూతురు ఏడుపు మాని నవ్విన సంగతి చెప్పాడు. వర్షంలో ఇద్దరూ సైకిళ్ళ కింద దూరి తడిసిన సంగతి చెప్పాడు. బాలశౌరికి తెలియనిది అందులో ఒక్కటీ లేదు. అయినా ఊఁ కొడుతూనే ఉన్నాడు. ఎప్పుడు కళ్ళు మూతపడ్డాయో తెలియదు.

లేచేసరికి ఎండ పసుపురంగుకు తిరిగింది. మోకాలు పూర్తిగా తగ్గలేదు. మడవడానికి మాత్రం ఒప్పుకుంది. అష్ఫాక్ ముందు, బాలశౌరి వెనక. పక్కనుంచి నడిచిపోయే ఆడవాళ్ళు వాళ్ళని దాటిపోయేంత మెల్లగా రేపల్లె చేరారు.

సైదా గుమ్మంలో నిలబడి ఇద్దరినీ కిందినుంచి పైదాకా చూసింది. "పెళ్ళికొడుకులు వచ్చారు" అంది. మర్నాడు కదలనివ్వలేదు. వేన్నీళ్ళు, ఆముదం, కట్టు, తిట్లు. "నేను కంటికి ఆపరేషన్ చేయించుకోలేదా? ఇప్పుడు నీ మొహం మీద మచ్చలన్నీ కనబడుతున్నాయి, అదొక్కటే బాధ" అని తమ్ముడితో అంది. అష్ఫాక్ నవ్వి, మోకాలి కట్టు సర్దుకున్నాడు.

ఆ మర్నాటినుంచి బాలశౌరి పాత లెక్కకే వచ్చేశాడు. ప్రతి రోజూ మధ్యలో పడవ పూట ఒకటి. భట్టిప్రోలు దాటాక అరటితోట గట్టున ఒకటి. తెనాలిలో రాత్రి. చివరిరోజు దుగ్గిరాల దగ్గర పసుపు వాసన గాలిలో అందుకోగానే అష్ఫాక్ పాట ఎత్తుకున్నాడు. కాలు సాగుతోంది. ఇల్లు దగ్గరపడుతోంది.

అప్పుడు బాలశౌరి ఆగడం మొదలుపెట్టాడు. దుగ్గిరాలలో టీ. కొంచెం దూరం పోయాక, చక్రంలో గాలి తగ్గిందేమో చూద్దాం అన్నాడు. తగ్గలేదు. చెరుకురసం బండి దగ్గర మళ్ళీ ఆగాడు. మంగళగిరిలో సైకిల్ ఒక నేతచీరల కొట్టు ముందు నిలబెట్టి లోపలికెళ్ళి, మడతలు విప్పిస్తూ కూచున్నాడు. ఒకటి విప్పించాడు, ఇంకోటి విప్పించాడు, మొదటిదే మళ్ళీ చూస్తానన్నాడు. అష్ఫాక్ గుమ్మం దగ్గర బల్ల మీద కూచుని చూసీ చూసీ అన్నాడు.

"ఒరేయ్, ఇన్నేళ్ళలో నువ్వు చెల్లెమ్మకి చీర కొనడం నేను చూడలేదు. మోకాళ్ళు నావా, నీవా?"

"మంచి చీరలురా. వచ్చాం కదా అని."

"ఆపరేషన్ కావాలన్నది నువ్వు. నన్ను ఆటో ఎక్కనివ్వనిది నువ్వు. ఇప్పుడు బ్యారేజీ కూతవేటు దూరంలో ఉంటే ఇంటికి పోనివ్వనిదీ నువ్వే. ఏమిటి సంగతి?"

బాలశౌరి చీర అంచు వేళ్ళ మధ్య పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. కొట్టువాడు ఇంకోటి తియ్యబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"నువ్వు మంచమెక్కాక నేనెవడితో తొక్కాలిరా?"

అష్ఫాక్ కాసేపు కాలు నిమురుకున్నాడు. జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఇఫ్రా బేటీ... ఆఁ, మంగళగిరి. బాగానే ఉన్నా. ఆ డాక్టరుకి చెప్పు, పండగ వెళ్ళాక రోజు చూడమని. ఒకటి కాదు, రెండూ. ... సంతకం వచ్చాక పెడతాలే. ... లేదు, ఇంకా రాలేదు. మీ శౌరి అంకుల్ చీర కొంటున్నాడు, ఆలస్యమవుద్ది." ఫోన్‌లో ఇఫ్రా ఏడుస్తోందో నవ్వుతోందో బాలశౌరికి వినబడలేదు.

"చుట్టు కాకుండానే చెప్పేశావే" అన్నాడు.

"చెప్పకపోతే నన్ను పండగదాకా ఇక్కడే టీలు తాగిస్తూ కూచోబెడతావు. ఇంకోటి విను. నేను మంచమ్మీద ఉన్నన్నాళ్ళూ రోజూ మా ఇంటికి సైకిల్ మీద రావాలి నువ్వు. స్కూటర్ మీద వస్తే తలుపు తియ్యను."

చీర పొట్లం కట్టించుకుని క్యారియర్ మీద పెట్టుకున్నారు. ఆకుపచ్చది, జరీ అంచు. బ్యారేజీ ఎక్కేసరికి పొద్దు వాలుతోంది. అష్ఫాక్ నాలుగు తొక్కులు తొక్కి దిగేశాడు. బాలశౌరి కూడా వెనకే దిగి, కంగారుగా దగ్గరికొచ్చాడు.

"నొప్పా?"

"లేదు. తొందరేముంది?"

సైకిళ్ళు నడిపించుకుంటూ పోయారు. కింద తలుపుల సందుల్లోంచి నీళ్ళు పడుతున్నాయి. ఏ కాలవకు ఎంత వదిలారో చూడకుండా ఉండలేక బాలశౌరి ఒకసారి వంగి చూశాడు.

"ఆ చీర చెల్లెమ్మ కట్టదు, చూడు" అన్నాడు అష్ఫాక్. "ఆవిడకి ఆకుపచ్చ నచ్చదు."

"నీకెలా తెలుసు?"

"ఎప్పుడన్నా కట్టిందా?"

బాలశౌరి గుర్తు చేసుకోవడానికి ప్రయత్నిస్తూ నడిచాడు. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అవతలి ఒడ్డు చేరేదాకా అష్ఫాక్ ఆ మాట వదల్లేదు.